వేడికి ఇల్లు చూపినాయన

ఆయన దేన్నీ ముందుగా అరచేత్తో ముట్టుకునేవాడు కాదు. పైపు కావచ్చు, పంపు కావచ్చు, చాయ్ గిలాస కావచ్చు, జ్వరమొచ్చిన మనిషి నుదురు కావచ్చు, చేతి వెనకవైపు దగ్గరగా తీసుకెళ్లి, తాకీ తాకకుండా ఆపి, కాసేపు వినేవాడు. వినేవాడు అనే అనాలి. ఆ సమయంలో తల కొంచెం పక్కకు వంచి కళ్లు మూసుకునేవాడు మరి. ఎందుకట్లా అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"అరచెయ్యి కాలితే నౌకరి పోతది. ఎనక చెయ్యి కాలితే తోలు పోతది, అంతే."

మొన్న కోరుట్లలో నా కొట్లో కూర్చుని ఎవరిదో బోరు మోటారు విప్పుతుంటే ఫోన్ మోగింది. గల్ఫ్‌లో కలిసి పనిచేసినవాళ్లం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పొద్దునపూట దేవుడి బొమ్మలు వస్తాయి, సాయంత్రం పాత జోకులు వస్తాయి, మధ్యలో ఎవరైనా పోతే దండ వేసిన ఫోటో వస్తుంది. ఈసారి దండ వెనక ఆయన ముఖం ఉంది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన తర్వాత మోటారు మీద చెయ్యి ఆడలేదు. ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటుండింది. ఒకే ఒక్క మాట. ఎనిమిదేళ్లు దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను, ఇప్పుడు వినడానికి మనిషి లేకుండా పోయాడు.

పేరు రాయను. అసలు ప్లాంటులో ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ సిరిసిల్లాయన. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి వెళ్లిన మాబోటి కుర్రవాళ్లకు మాత్రం కాక, అంటే చిన్నాన్న. నాది సారంగాపూర్ దగ్గరి పల్లె. ఐటీఐ కాగితం ఒకటి పట్టుకుని వెళ్లినవాడిని. బాయిలర్ అంటే ఏమిటో ఆ కాగితం నాకు చెప్పలేదు, కాక చెప్పాడు.

కాకకు డిగ్రీలతో లెక్క లేదు. వేడికి ఆయన కొలతలు ఆయనవే. "పసిపిల్ల జ్వరం" అంటే పంపు బాగానే ఉందని. "చాయ్ గిలాస" అంటే ఒక కన్ను వేసి ఉంచమని. "దోసె పెనం" అంటే పరుగెత్తి ఇంజనీరును పిలవమని. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు మొదట్లో నవ్వేవారు. తర్వాత థర్మామీటర్ పెట్టి చూసుకుని, నవ్వడం మానేసేవారు.

వేడి వృథా అయితే ఆయన ప్రాణం ఊరుకునేది కాదు. క్యాంపులో మా గదికి ఆరుగురం, వంట వంతులవారీగా చేసుకునేవాళ్లం. కాక వంతు వచ్చిన రోజు గ్యాసు సగమే అయ్యేది. అన్నం ఒక ఉడుకు రాగానే దించేసి, గిన్నెను పాత దుప్పట్లో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి మూలన పెట్టేవాడు. కాసేపటికి విప్పితే మెతుకుకు మెతుకు అంటకుండా ఉండేది. ఏసీ బయటి డబ్బా ఊదే వేడిగాలికి ఎదురుగా తీగ కట్టి మా బట్టలన్నీ ఆరేసేవాడు. పక్క గది మలయాళీలు పగలబడి నవ్వారు. నెల తిరిగేసరికి వాళ్లూ తీగలు కట్టుకున్నారు.

"పనిజేసిన వేడిని ఉత్తగ పంపొద్దురా. ఇంకో పని జెప్పి పంపాలె," అనేవాడు. "వేడికి మనమే ఒక ఇల్లు జూపియ్యాలె. లేకుంటె అదే ఇల్లు జూసుకుంటది. గప్పుడు మన ఇల్లుండది."

ఈ పిచ్చి గల్ఫ్‌లో పట్టింది కాదు. ఆయనది నేత కుటుంబం. సాంచాల మీదికి, అంటే మరమగ్గాల మీదికి, ఎక్కే నూలుకు ముందు గంజి పెట్టి ఆరబెట్టే కార్ఖానాను సిరిసిల్లలో సైజింగు అంటారు. అలాంటి ఒకదానిలో బాయిలర్‌కు కట్టెలు వేస్తూ మొదలుపెట్టాడు. పొగగొట్టంలోంచి వేడి ఊరికే ఆకాశానికి పోతోందని, గొట్టం చుట్టూ ఇనుప పైపు చుట్టి, బాయిలర్‌కు పోయే నీళ్లను దాంట్లోంచి పంపాడట. అప్పటికి ఆయన చదివింది ఏడో తరగతి.

మా ప్లాంటు ఎరువుల ప్లాంటు. మన దగ్గర రైతులు చెప్పులు వరసలో పెట్టి ఎదురుచూసే ఆ సంచుల సరుకే. ఎరువు కావాలంటే యాసిడ్ కావాలి, యాసిడ్ కావాలంటే గంధకం కాల్చాలి. గంధకం కాలినప్పుడు ఒకసారి వేడి పుడుతుంది. ఆ పొగను మార్చేటప్పుడు ఇంకోసారి. చివరికి అది యాసిడ్‌గా మారేటప్పుడు మూడోసారి. మొదటి రెండిటితో ముందునుంచే ఆవిరి తీసి కరెంటు చేసుకునేవారు. మూడోదాన్ని మాత్రం సముద్రపు నీళ్లతో చల్లార్చి, ఆ గోరువెచ్చని నీళ్లను కాలువలోంచి తిరిగి సముద్రానికే వదిలేవారు. కాక సెలవు రోజున కూడా ఆ కాలువ దగ్గరికి వెళ్లి నిలబడేవాడు.

"గీ కాలువల పోయే వేడితోని మా సిరిసిల్ల సైజింగులన్ని నడుస్తయిరా," అనేవాడు. సముద్రం మీద కూడా ఆయనకు కొంచెం కోపం ఉండేది.

అందుకే యాసిడ్ ఉత్పత్తి పెంచడానికి రెండో యూనిట్ కడుతున్నారని, అందులో ఆ మూడో వేడిని కూడా పట్టే బాయిలర్ వస్తుందని తెలిసినప్పుడు ఆయన సంతోషం ఇంతా అంతా కాదు. ఓడలో వచ్చిన ఆ ఇనుప డబ్బా చుట్టూ పెళ్లికూతురిని చూసినట్టు తిరిగాడు. నడిపించే రోజు పొద్దున ఇంటినుంచి తెచ్చుకున్న కోరుట్ల పసుపుతో దాని కాలికి బొట్టు పెట్టాడు. సేఫ్టీ ఆఫీసర్ వచ్చి ఈ పచ్చరంగు ఏమిటని అడిగితే, తుప్పు పట్టకుండా పూసిన మందు అని చెప్పి పంపాడు.

ఆ బాయిలర్‌లో ఒకవైపు మరిగే యాసిడ్, ఇంకోవైపు నీళ్లు, మధ్యలో లోహపు గొట్టాలు. చిక్కటి యాసిడ్ ఆ గొట్టాలను ఏమీ చేయదు. నీళ్లు కలిసి పలచనైతే మాత్రం తినేస్తుంది. గొట్టానికి సూదిమొనంత చిల్లి పడినా నీళ్లు యాసిడ్‌లోకి కారతాయి, పలచబడ్డ యాసిడ్ ఆ చిల్లిని ఇంకా పెద్దది చేస్తుంది. గంటల్లో అంతా పాడవుతుంది, పేలినా పేలుతుంది. యాసిడ్ తయారీకి ఎలాగూ కొన్ని నీళ్లు మనమే పోయాలి. చిక్కదనం తప్పకుండా యంత్రమే ఆ నీళ్లను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. కాబట్టి లోపల చిల్లి పడితే, అక్కడ కారే నీళ్లకు సరిపడా యంత్రం మనం పోసే నీళ్లను తగ్గించేస్తుంది. తెరమీద చిక్కదనం చక్కగానే కనిపిస్తుంది. నీళ్ల మీటర్ ఒక్కటే అసలు సంగతి చెబుతుంది.

ఇది ఇంజనీర్లు మాకు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పారు. అర్థం కాలేదు. కాక ఒక్క ముక్కలో చెప్పాడు.

"మొగడు ఇంట్ల అన్నం తక్కువ తింటున్నడంటె ఆకలి లేక కాదురా. బయటెక్కడనో తినొస్తున్నడన్నట్టు."

కొత్త యూనిట్ కదా, ఆ నీళ్ల మీటర్‌ను ఇంకా కంట్రోల్ రూముకు కలపలేదు. గంటకోసారి మూడంతస్తుల మెట్లెక్కి ముల్లు చూసి కాగితం మీద రాయాలి. ఆ రాసే పని నాది.

ఇక్కడినుంచి రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. అక్కడి ఎండాకాలం చెప్పనలవి కాదు. ఒంటికి రబ్బరు కోటు, మూతికి మాస్కు, పట్టుకుంటే కాలే ఇనుప మెట్లు. నిన్నటి కాగితం పక్కన పెట్టుకుని, అంకెను అటో ఇటో ఒక పిసరు మార్చి ఇవాళ్టి కాగితం నింపడం నేను కనిపెట్టిన విద్య కాదు, ఆ షిఫ్టులో అందరికీ వచ్చిందే. కాక ఒక్కడే అలా చేసేవాడు కాదు. నేను మామూలు రోజుల్లో ఒకటి రెండుసార్లయినా ఎక్కేవాడిని. ఆ రోజు ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నం కాక తన పని కాకపోయినా పైకి వెళ్లాడు. ఆ బాయిలర్ దగ్గరికి వెళ్లి రావడం ఆయనకు ఒక అలవాటు. దిగి నేరుగా కంట్రోల్ రూములోకి వచ్చాడు. హెల్మెట్ తీయడం కూడా మర్చిపోయాడు. నీళ్ల మీటర్ ముల్లు బాగా కిందికి పడిపోయిందని, యూనిట్ ఆపాలని షిఫ్ట్ ఇంజనీరుకు హిందీలో చెప్పాడు. ఇంజనీరు నా కాగితం తీసి చూశాడు. పొద్దుటినుంచీ నీళ్లు మామూలుగానే ఉన్నాయి. ముల్లు ఇరుక్కుని ఉంటుంది, రేపు చూద్దాం అన్నాడు. రెండు రోజుల్లో పెద్దవాళ్లు వచ్చి యూనిట్‌ను అధికారికంగా ప్రారంభించాలి. ఆపడమనే మాట వినడానికి కూడా ఆయన సిద్ధంగా లేడు.

కాక ఆ కాగితం అందుకుని అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందివరకు చదివాడు. తర్వాత నావైపు తిరిగి తెలుగులో అడిగాడు. ఆ గదిలో ఆ మాట అర్థమయ్యేవాళ్లం మేమిద్దరమే.

"పైకెక్కి జూసే రాసినవా?"

నాకు నౌకరి కళ్లముందు ఆడింది. తేలు కుట్టిన దొంగనైపోయాను.

"జూసే రాసిన కాకా," అన్నాను.

ఆయన నమ్మాడు. ఆ ముఖంలో నమ్మకం నాకు స్పష్టంగా కనిపించింది. "నువ్వు జూసి రాసినవంటె మీటరుదే తప్పైతది మరి," అని గొణుక్కుంటూ మళ్లీ పైకే వెళ్లాడు. పది నిమిషాలకు సైరన్ మోగింది. ఎవరినీ అడగకుండా ఎర్ర బటన్ నొక్కేశాడు. యూనిట్ మొత్తం ఆగిపోయింది.

మర్నాడు విచారణలో బల్లమీద నా కాగితం పెట్టారు. ఎందుకు ఆపావని అడిగితే, ఆ పైపు రోజూలా లేదు, చేతికి నచ్చలేదు అన్నాడట. గదిలో అందరూ నవ్వారని విన్నాను. మూడో రోజు ఆయన్ను ఇంటికి పంపేశారు. ఎయిర్‌పోర్టు బస్సెక్కేముందు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు జూసి రాసినవ్. నాదే పొరపాటుంటదేమో. పైలం కొడుకా," అన్నాడు.

ఆయన విమానం వెళ్లిన మర్నాడు, యూనిట్ మళ్లీ నడిపేముందు తనిఖీకని, చల్లారిన బాయిలర్ మూత తెరిచారు. లోపల లైటు పట్టుకుని నిలబడింది నేనే. మూడో వరస గొట్టంలో పురుగు తొలిచిన మక్కజొన్న గింజకు ఉండేలాంటి చిల్లి ఉంది. దాని చుట్టూ లోహం కాగితంలా పలచబడిపోయింది. ఇంకొన్ని గంటలు నడిచి ఉంటే కింద పనిచేసేవాళ్లలో ఎవరు మిగిలేవారో చెప్పలేం. ఇంజనీరు నా చేతిలోంచి లైటు తీసుకుని తానే వంగి చూశాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఆ కాగితం సంగతి నువ్వూ మర్చిపో, నేనూ మర్చిపోతాను అన్నాడు. రిపోర్టులో మామూలు తనిఖీలో లోపం బయటపడిందని రాసుకున్నారు. ఒక మనిషి ఆపాడని ఎక్కడా లేదు. గొట్టాలు మార్చారు, యూనిట్ ప్రారంభమైంది. ఏడాది తిరిగేసరికి నేను కంట్రోల్ రూములో కుర్చీ ఎక్కాను.

రెండేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు చెప్పేద్దామనే బయల్దేరాను. వేములవాడలో బస్సు మారి, గుండ్లు చేయించుకున్న యాత్రికుల మధ్య ఇరుక్కుని సిరిసిల్లలో దిగాను. ఆయన మళ్లీ సైజింగులోనే, బాయిలర్ దగ్గరే ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది. చాయ్ హోటలుకు తీసుకెళ్లాడు. అక్కడ ఆయన తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నన్ను పరిచయం చేస్తే నవ్వుతూ అన్నాడు:

"మా అన్న మామూలోడు గాదు తమ్మీ. గల్ఫుల కంపినినే బందువెట్టి అచ్చిండు."

హోటల్లో అందరూ నవ్వారు. పాత నవ్వే, అలవాటైన నవ్వే. కాక కూడా నవ్వాడు. చాయ్ వస్తే గిలాసను నేరుగా అరచేత్తో పట్టుకున్నాడు. నేను అది చూసి తల దించుకున్నాను.

కార్ఖానాకు తిరిగి వచ్చాక ఇంకా చూశాను. పంపు దగ్గరికి వెళ్తే థర్మామీటర్ పెట్టి చూస్తున్నాడు. చూశాక పక్క మనిషిని పిలిచి, "ఓసారి నువ్వు గూడ జూడరాదు," అంటున్నాడు. సేటు కొత్త బాయిలర్ కొని, పొగగొట్టానికి మునుపటిలాగా పైపు చుట్టమంటే తనతో కాదన్నాడట. పొగ వేడి వేడిగా ఆకాశానికి పోతోంది. ఆయన దానికేసి చూడటం కూడా లేదు.

"చేతికి మునుపటి సోయి లేదురా," అన్నాడు. కొంచెం ఆగి, అదేదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "నేనొచ్చినంక గా బాయిలర్ తెరిచిండ్రా? లోపట ఏమన్న ఉండెనా?"

దారంతా ఆ మాట కోసమే వచ్చాను. చెబితే చిల్లి సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోలేను. చిల్లి ఉంటే నీళ్లు తగ్గి ఉండాలి, నీళ్లు తగ్గితే నా కాగితం అబద్ధం. ఆయనకు ఆ లెక్క నాకంటే ముందే తెలుస్తుంది. చల్లకొచ్చి ముంత దాచినట్టు అయింది నా పని.

"నేను వేరే యూనిట్‌కు మారిన కాకా. నాకు తెల్వదు," అన్నాను.

ఆయన దానికీ నమ్మాడు. "ఏం లేకుండె కావచ్చు తియ్. ఉంటె ఎవలన్న ఒక్కలు ఫోన్ జెయ్యకపోదురా?" అన్నాడు. నాతో బస్టాండు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు దొరికేదాకా నిలబడి, చెయ్యి ఊపాడు. నాకు అప్పుడే బస్సు దిగాలనిపించింది. దిగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇంటికి వచ్చినా సిరిసిల్ల వైపు వెళ్లలేదు. గల్ఫ్ వదిలేసి కోరుట్లలో కొట్టు పెట్టుకున్నాక కూడా వెళ్లలేదు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం తిండికి ఇంటికి రాగలిగినంత దూరం.

ఆయన పోయిన పదకొండో రోజున వెళ్లాను. ఇంటిముందు టెంటు వేశారు. చుట్టుపక్కల సాంచాలు ఆ పూటకు ఆపారు. ఆయన భార్యను నేనెప్పుడూ చూడలేదు. ఫలానా అని చెప్పగానే లేచి నిలబడింది.

"గల్ఫుల నీతోనే ఉండెనట గదా. నీ ముచ్చట చెప్తుండె," అంది. వెంటనే చెయ్యి పట్టుకుంది. "నిన్నొకటి అడుగుత కొడుకా. ఉన్నదున్నట్టు చెప్పు. గా బాయిలర్ ఉత్తగనే ఆపిండా గాయన? పానం పోయే ముందటి దినం గూడ గదే అన్నడు. మంచిగ నడిచేదాన్ని ఆపిన్నా ఏంది అని."

ఆ చెయ్యి విడిపించుకోవడం నావల్ల కాలేదు.

"ఉత్తగ గాదు చిన్నమ్మా. చిల్లి ఉండె. నా కండ్లతోని జూసిన. కాక ఆపకుంటె మేం చాలమంది సచ్చిపోతుంటిమి," అన్నాను.

ఆమె వెంటనే టెంటు వైపు తిరిగి గొంతెత్తింది. "ఓ మరిదీ, గిటు రా. అందరు గిటు రాండ్రి. మళ్ల చెప్పు కొడుకా, అందరు వినేటట్టు చెప్పు."

మళ్లీ చెప్పాను. చిల్లి గురించి చెప్పాను, పలచబడ్డ గొట్టం గురించి చెప్పాను, కింద పనిచేసేవాళ్ల గురించి చెప్పాను. కాగితం గురించి చెప్పలేదు. తమ్ముడు తువ్వాలుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. హోటల్లో నవ్వినవాళ్లలో ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు, తలలు వంచుకున్నారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి విస్తరి వేశారు. వడ్డించడానికి ఆయన కూతురు వచ్చింది. పప్పు వేస్తూ వేస్తూ ఆగింది.

"నాయినకు గీ ముచ్చట ఎందుకు చెప్పలేదన్నా?" అంది. కోపంగా అడగలేదు, తెలుసుకుందామని అడిగింది.

నిజం అప్పటికైనా చెప్పొచ్చు. గరిటె పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది. అచ్చం వాళ్ల నాన్న చూపు.

"నాకు గూడ మొన్ననే తెల్సిందమ్మా," అన్నాను.

కాసేపటి ముందే నా కండ్లతో చూశానని అందరిముందూ చెప్పినవాడిని. ఆ మాటకూ ఈ మాటకూ పొత్తు లేదని ఆమెకు తట్టలేదు. "అయ్యో, పది దినాల ముందు తెల్సినా మంచిగుండు," అని కళ్లు తుడుచుకుని, నాకు ఇంకో గరిటె పప్పు వేసి పక్క విస్తరికి వెళ్లింది. ఆ ఇంటివాళ్లు నా అబద్ధాన్ని నమ్మడం అది మూడోసారి.